ప్రయోగశాల నుండి లంద వరకు : డాక్టర్ యలవర్తి నాయుడమ్మ

మంగళగిరి కొండపై పానకాల నరసింహస్వామి తిరునాళ్ళ వేళ డోలు, సన్నాయి మ్రోగుతాయి. డోలుకు బిగించినది తోలు. కొండ దిగువన నల్లరేగడి నేలలలో ప్రత్తి, మిరప పండించిన పాతకాలపు రైతుకు బావి నుండి నీరు తోడే మోటకు తోలు కావాలి. ఎద్దును అదిలించే చెర్నాకోలకు, ముళ్ళబాటలో నడిచే పాదానికి కూడా తోలే ఆధారం. దేవునికి, రైతుకు ఇంతగా అవసరమైన ఈ వస్తువును తయారుచేసిన చర్మకారుడిని మాత్రం ఊరు తన పొలిమేరకు అవతల నిలిపింది. మృదంగనాదాన్ని వర్ణించిన కావ్యాలు మనకు ఎన్నో ఉన్నాయి. ఆ మృదంగానికి తోలు పదును చేసిన చేతులను తలచిన కావ్యం కోసం మాత్రం వెదకవలసి వస్తుంది.

ఆ సమాజంలోనే, ఆ మైదానానికి ఆనుకొని ఉన్న డెల్టాలోని ఒక రైతు కుటుంబంలో పుట్టి, తోలును తన శాస్త్రవిషయంగా ఎన్నుకొన్న వ్యక్తి డాక్టర్ యలవర్తి నాయుడమ్మ. పరిశోధనాలయంలో పుట్టిన జ్ఞానం కర్మాగారానికి, అక్కడి నుండి సామాన్యుని ఇంటికి ఏ దారిన చేరాలి అన్న ప్రశ్నను జీవితాంతం వెంటబెట్టుకొని తిరిగిన శాస్త్రవేత్త ఆయన. పేరు వినగానే స్త్రీ అనుకొని పొరబడేవారు ఉండవచ్చు. గుంటూరు సీమలో పురుషులకు ఇటువంటి పేర్లు కొత్త కావు.

నాయుడమ్మ 1922 సెప్టెంబరు 10వ తేదీన ఆనాటి గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలోని యలవర్రు గ్రామంలో జన్మించారు. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఆ గ్రామం బాపట్ల జిల్లాలో చేరింది. కృష్ణ కాలువల నీటితో వరి పండే ఊరు అది. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివిన తరువాత ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చేరి రసాయన సాంకేతిక శాస్త్రంలో పట్టభద్రులయ్యారు. ఆ రోజులలో రైతుబిడ్డ కాశీకి వెళ్ళి చదివితే ప్లీడరో, డాక్టరో, లేదా కనీసం సర్కారు ఉద్యోగియో కావాలని ఇంటివారు ఆశించేవారు. ఆయన మద్రాసు చేరి తోళ్ళ సాంకేతిక విద్యను పట్టుకొన్నారు. పచ్చితోళ్ళ వాసన సోకితే స్నానం చేయాలనుకొనే కాలంలో తీసుకొన్న నిర్ణయమిది. దాని బరువును ఈనాటి విద్యార్థి ఊహించుకోవడం కొంత కష్టమే.

అనంతరం ఆయన ఇంగ్లండులో శిక్షణ పొంది, అమెరికా వెళ్ళి పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లీహై విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్., పిహెచ్.డి. పట్టాలు సాధించారు. ఆ విశ్వవిద్యాలయమున్న బెత్లెహాం పట్టణం ఉక్కు కర్మాగారానికి ప్రసిద్ధి. ఒకవైపు తరగతి గదులు, మరొకవైపు కొలుములు. విద్యకూ పరిశ్రమకూ నడుమ దూరం తక్కువగా ఉన్న చోట ఆయన చదువు సాగింది.

తోలు పదును చేయడం వెనుక ఉన్న శాస్త్రం స్థూలంగా ఇది. జంతుచర్మంలో ముఖ్యమైన పదార్థం కొల్లాజెన్ అనే మాంసకృత్తు. పచ్చిగా వదిలేస్తే అది కుళ్ళుతుంది, ఎండబెడితే కొయ్యలా బిగుసుకుపోతుంది. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వంటి వాటిలోని టానిన్లు కొల్లాజెన్ పోగులతో కలిసి వాటిని పట్టి నిలుపుతాయి. అప్పుడే అది కుళ్ళని, మెత్తని తోలు అవుతుంది. మన పల్లెల లందలలో తరతరాలుగా జరిగింది ఇదే. ఉప్పు చల్లడం, నానబెట్టడం, సున్నపు తొట్టిలో వేసి వెంట్రుకలు ఊడదీయడం, చెక్కరసంలో వారాల తరబడి ఊరబెట్టడం, ఇవన్నీ చర్మకారుడికి చేతివ్రేళ్ళ కొసలలో తెలిసిన విద్య. ఎందుకు జరుగుతోందో ఆయనకు చెప్పినవారు లేరు. ఎలా చేయాలో ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ఈ రెండవ మాటను మరచిన శాస్త్రవేత్తలు చాలామంది భంగపడ్డారు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ప్రపంచంలోనే అత్యధిక పశుసంపద ఉన్న దేశాలలో మనది ఒకటి. అయినా మన తోలు వర్తకం చాలావరకు పచ్చితోళ్ళను, సగం పదును చేసిన తోళ్ళను ఓడకెక్కించడంతో ఆగిపోయేది. దక్షిణదేశంలో తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్ళు ఈస్టిండియా తోళ్ళ పేరుతో ఐరోపా చేరి, అక్కడ రంగులద్దుకొని, మెరుగులు దిద్దుకొని, బూట్లుగా, సంచులుగా మారి ఎన్నో రెట్లు వెలకు అమ్ముడుపోయేవి. శ్రమలోని చెమట, దుర్వాసన మనవి, లాభం వారిది. మద్రాసులో క్రోమియం లవణాలతో తోలు పదును చేసే పద్ధతిని ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలోనే ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఆంగ్లేయ అధికారి ప్రవేశపెట్టారు. నగర శివారులోని క్రోంపేట ఆ పరిశ్రమ పేరుతోనే వెలసింది. అయినప్పటికీ ఆ విద్య కొద్ది కర్మాగారాలను దాటి ముందుకు సాగలేదు.

ఈ పరిస్థితిని మార్చడానికే శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనామండలి 1948లో మద్రాసు అడయారులో కేంద్రీయ చర్మ పరిశోధనాసంస్థకు పునాది వేసింది. విదేశాలలో చదువు ముగించుకొని వచ్చిన నాయుడమ్మ ఆ సంస్థలో చేరి, 1958లో దానికి సంచాలకులయ్యారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఆరేళ్ళు.

ఆయన ఎదుర్కొన్న అసలు సమస్య రసాయన శాస్త్రానికి చెందినది కాదు. సంస్థలో పరిశోధనలు జరుగుతున్నాయి, వ్యాసాలు వెలువడుతున్నాయి. అక్కడికి కొద్ది గంటల ప్రయాణ దూరంలోని ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట పట్టణాలలో వందలాది తోళ్ళ కర్మాగారాలు తాతలనాటి పద్ధతిలోనే నడుస్తున్నాయి. ఈ రెండింటి నడుమ వారధి లేదు.

ఎందుకు లేదో తెలుసుకోవాలంటే తోళ్ళ వ్యాపారి వైపు నుండి చూడాలి. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు జానెడు తోలు ముక్కను గాజుపాత్రలో ముంచి ఫలితం రాబడతాడు. కర్మాగారంలో ఒకేసారి వందల తోళ్ళు తొట్టిలోకి దిగుతాయి. అందులో ఒకటి బక్కచిక్కిన ఆవుది, మరొకటి పొలం దున్ని ముసలిదైన ఎద్దుది. ఒకదాని మీద ముల్లుకంపల గీతలుంటాయి, మరొకదాని మీద కాల్చిన వాతలుంటాయి. ఆ ఊరి బావినీరు ఉప్పన కావచ్చు, వేసవిలో ఎండ నిప్పులు చెరగవచ్చు. గాజుపాత్రలో పనిచేసిన పద్ధతి ఇక్కడ విఫలమైతే నష్టపోయేది వ్యాపారి పెట్టుబడి, అందులోనూ చాలాసార్లు అప్పు తెచ్చిన సొమ్ము. శాస్త్రజ్ఞుని వ్యాసానికి దానివల్ల లోటేమీ రాదు. మంగళగిరి మగ్గం మీద క్రొత్త రంగును ప్రయత్నించే నేతగాడి సంకోచం కూడా ఇటువంటిదే. చెడిపోతే భరించగలిగినంత నూలుతోనే అతడు ప్రయోగం చేస్తాడు. దీనిని మూర్ఖత్వమని కొట్టివేయడం చదువుకొన్నవారికి పరిపాటి. నిజానికి అది లెక్క తెలిసినవాడి జాగ్రత్త.

నాయుడమ్మ ఆ జాగ్రత్తను గౌరవించారు. సంస్థ ఆవరణలో గాజుపాత్రకూ కర్మాగారానికీ నడుమ మెట్టుగా నమూనా తోళ్ళశాల ఉండేది. పెద్ద ఎత్తున చేస్తే ఎదురయ్యే చిక్కులను ముందుగా అక్కడే సంస్థ ఖర్చుతో ఎదుర్కోవాలి. చెడిపోయే తోళ్ళు సంస్థవే కావాలి. ఆ తరువాతనే వ్యాపారిని పిలిచి కళ్ళెదుట చేసి చూపాలి. చర్మ పరిశోధకులు, పరిశ్రమదారులు ఏటా ఒకచోట కూడి ముఖాముఖి మాట్లాడుకొనే సమావేశాల ఆనవాయితీ ఆయన కాలంలో నెలకొన్నది. ఆ సమావేశాలలో వ్యాపారి శ్రోత మాత్రమే కాదు, తన తొట్టిలో ఏమి చెడిందో శాస్త్రజ్ఞులను నిలదీసి అడిగే హక్కు గలవాడు. పరిశోధనకు అంశాలు అక్కడి నుండి కూడా పుట్టాయి. మద్రాసుకు రాలేని దూరప్రాంతాలవారి కోసం కలకత్తా, కాన్పూరు, జలంధరు వంటి చోట్ల సంస్థకు శాఖలు వెలిశాయి.

విదేశీ చెక్కల సారం కోసం దేశం చెల్లిస్తున్న సొమ్ము మరొక చిక్కు. ఆఫ్రికా ఖండం నుండి వచ్చే వాటిల్ చెక్క మీద మన పరిశ్రమ ఆధారపడి ఉండేది. దాని బదులు దేశంలో దొరికే చెక్కలు, కాయలు, కృత్రిమ పదార్థాలు ఎంతవరకు పనికివస్తాయో సంస్థ పరిశోధించింది. మన పొలం గట్ల మీద పూచే తంగేడు, అడవిలో రాలే కరక్కాయ ఈ విధంగా శాస్త్రగ్రంథాలకెక్కాయి. తోలుకు మెత్తదనం, నిగారింపు ఇచ్చే నూనెలు, పూతలు కూడా ఇక్కడే రూపొంది, తయారీ కోసం ప్రైవేటు సంస్థల చేతికి వెళ్ళాయి.

ఇట్లా చేతులు మారడానికి ఒక పద్ధతి ఉన్నది. ఒక పరిశోధకుడు కనుగొన్న విధానానికి పేటెంటు తీసుకొంటారు. దానిని వాడుకొనే అనుమతిని రుసుముకు ఒక కంపెనీకి ఇస్తారు. అమ్మకాలపై కొంత శాతం రాయల్టీగా తిరిగి పరిశోధనకు చేరుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ స్టీన్‌బాక్ అనే ఆచార్యుడు అతినీలలోహిత కిరణాలు సోకిన ఆహారంలో డి విటమిన్ పెరుగుతుందని కనుగొన్నాడు. ఆ పేటెంటును నిర్వహించడానికి 1925లో విశ్వవిద్యాలయ పూర్వవిద్యార్థులు ఒక ప్రతిష్ఠానాన్ని నెలకొల్పారు. ఇటువంటి ఏర్పాట్లలో అది తొలితరానికి చెందినది. ప్రభుత్వ ధనంతో జరిగిన పరిశోధనల ఫలితాలపై విశ్వవిద్యాలయాలకే హక్కు కల్పించే చట్టం ఆ దేశంలో 1980లో వచ్చింది. మన దేశంలో ఈ పని కోసం కేంద్రప్రభుత్వం 1953లోనే జాతీయ పరిశోధన అభివృద్ధి సంస్థను స్థాపించింది. ప్రభుత్వ ప్రయోగశాలలలో రూపొందిన విధానాలను పరిశ్రమలకు అందించడం దాని బాధ్యత. విశ్వవిద్యాలయాలు బోధనకే పరిమితమైన ఆ రోజులలో మన దేశంలో ఈ బరువును ఎక్కువగా మోసినవి పరిశోధనామండలి ప్రయోగశాలలే. అయితే అడయారులో ఒక విశేషమున్నది. మద్రాసు విశ్వవిద్యాలయపు అలగప్ప చెట్టియార్ సాంకేతిక కళాశాలకు పొరుగునే చర్మ పరిశోధనాసంస్థ వెలసింది. అక్కడ తోలు సాంకేతిక విద్య చదివే విద్యార్థులకు సంస్థలోని శాస్త్రజ్ఞులు గురువులు, నమూనా తోళ్ళశాల వారికి పాఠశాల. పట్టా పుచ్చుకొన్న విద్యార్థి ఏ కర్మాగారంలో ఉద్యోగానికి వెళితే ఆ కర్మాగారానికి క్రొత్త విద్య అతనితోపాటే వెళ్ళేది. పేటెంటు పత్రం కంటె బాగా పనిచేసిన మార్గం బహుశా ఇదే.

రాయల్టీ పద్ధతికి ఒక పరిమితి ఉన్నది. అది లెక్కల పుస్తకాలున్న కంపెనీకి సరిపోతుంది. నాలుగు తొట్లతో పల్లె చివర లంద నడుపుకొనే చర్మకారుడు ఒప్పంద పత్రం మీద సంతకం చేసి రుసుము కట్టి విద్య కొనుక్కోలేడు. అతనికి శిక్షణ కావాలి, చేయిపట్టి చూపేవారు కావాలి. తాను చేసే పని నీచమైనది కాదన్న నమ్మకం అంతకంటె ముందు కావాలి. రైతు కుటుంబంలో పుట్టి, విదేశాలలో డాక్టరేటు పొందిన వ్యక్తి ఆ తొట్టి దగ్గర నిలబడి తోలును చేతితో పట్టుకొని చూడడం ఆ కాలంలో చిన్న విషయం కాదు. అయితే ఒక శాస్త్రవేత్త ఆదర్శంతో శతాబ్దాల అంటరానితనం పోదు. ఎగుమతులు పెరిగిన తరువాత వచ్చిన సంపదలో పల్లె లందకు దక్కిన వాటా స్వల్పమే. పట్టణాలలో పెద్ద కర్మాగారాలు పెరిగాయి, ఊరి చివరి లందలు క్రమంగా మూతబడ్డాయి. ఆ కుటుంబాలలో ఎందరో కులవృత్తి నుండి విముక్తి పొందామని సంతోషించగా, మరెందరో ఉన్న ఒక్క ఆధారమూ పోయి కూలిపనులకు మళ్ళారు.

1971లో భారతప్రభుత్వం నాయుడమ్మను పద్మశ్రీతో గౌరవించింది. అదే సంవత్సరం ఆయన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనామండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. తోలు మాత్రమే తెలిసిన వ్యక్తి దేశంలోని ముప్పైకి పైగా ప్రయోగశాలలకు పెద్దదిక్కు కావడమేమిటని శంకించినవారికి కారణం లేకపోలేదు. అయితే ఆ ప్రయోగశాలలన్నింటి జబ్బు ఒక్కటే, అది తోలుసంస్థలో ఆయన చూసినదే. చేతికి అందిన విజయాలు కూడా లేకపోలేదు. మైసూరు ఆహార పరిశోధనాసంస్థ గేదెపాలతో శిశువుల ఆహారం తయారుచేసే విధానాన్ని కనుగొనగా, గుజరాత్‌లోని పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం దానిని అమూల్ పేరుతో ఇంటింటికి చేర్చింది. దుర్గాపూర్ సంస్థ రూపొందించిన స్వరాజ్ ట్రాక్టరు నాయుడమ్మ అధికారంలో ఉన్న కాలంలోనే, 1974లో, పంజాబులో ఉత్పత్తి అయి విపణిలోకి వచ్చింది. ఈ రెండింటిలోనూ పరిశోధనాలయానికి ఆవల దానిని అందుకోవడానికి సమర్థమైన చేతులు సిద్ధంగా ఉన్నాయి. అవి లేని చోట ఎన్నో విధానాలు అలమరాలలోనే మిగిలిపోయాయి.

తోలు ఎగుమతుల విధానం కూడా ఆ సంవత్సరాలలోనే మారింది. 1973లో కేంద్రప్రభుత్వం సగం పదును చేసిన తోళ్ళ ఎగుమతిపై పరిమితులు, సుంకాలు విధించి, పూర్తిగా తయారైన తోలుకు, తోలువస్తువులకు ప్రోత్సాహమిచ్చింది. ఈ నిర్ణయం వ్యాపారులలో అలజడి రేపింది. సగం పని చేసి ఓడకెక్కించడానికి అలవాటుపడినవారు ఇప్పుడు రంగులద్దడం, మెరుగుపెట్టడం, చెప్పులు కుట్టించడం నేర్చుకోవలసి వచ్చింది. నేర్పడానికి అడయారులో ఒక సంస్థ, అందులో శిక్షణ పొందిన తరం సిద్ధంగా ఉన్నందువల్లనే ఆ చట్టం కాగితం మీద మిగిలిపోలేదు.

ఈ దశలోనే ఆయన తెలంగాణలోని కరీంనగర్ జిల్లాపై దృష్టి నిలిపారు. పరిశోధనామండలి ఒక జిల్లాను దత్తత తీసుకొని, తన ప్రయోగశాలల విద్యనంతా అక్కడ వినియోగించి చూడాలన్నది సంకల్పం. సాధారణంగా శాస్త్రజ్ఞులు తమ దగ్గర ఉన్న విధానాన్ని పట్టుకొని దానికి తగిన ఊరును వెదుకుతారు. కరీంనగర్‌లో వరుస తిరగబడింది. జిల్లాలో ఉన్న నేల, నీరు, రాయి, పంట, పశువు, పనిచేతులు ఎన్ని, ప్రజలకు కావలసినవి ఏవి అన్న లెక్క ముందు, దానికి ఏ ప్రయోగశాల ఏమి ఇవ్వగలదన్న ఆలోచన తరువాత. ఆశించినదంతా నెరవేరిందని చెప్పలేము. ప్రభుత్వశాఖలు అనేకం కలిసి నడవవలసిన పనులు మన దేశంలో ఎట్లా సాగుతాయో తెలిసినదే. అయినా ఒక జిల్లాను ముందుంచుకొని విజ్ఞానశాస్త్రాన్ని ప్రశ్నించే పద్ధతికి అది తొలి ప్రయత్నాలలో ఒకటిగా నిలిచింది.

1977లో నాయుడమ్మ ఆ పదవి నుండి వైదొలగారు. 1981, 1982 సంవత్సరాలలో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేశారు. వర్ధమాన దేశాలకు తగిన సాంకేతిక విద్య ఏది అన్న విషయంపై అంతర్జాతీయ సంస్థలకు ఆయన సలహాలు అందించారు. ధనిక దేశాల యంత్రాలను యథాతథంగా తెచ్చుకోవడం పేదదేశాలకు మేలుచేయదని, ప్రతి దేశం తన మట్టికి తగిన విద్యను తానే తయారుచేసుకోవాలని ఆయన దృఢంగా విశ్వసించారు.

1985 జూన్ 23వ తేదీన కెనడా నుండి స్వదేశానికి తిరిగివస్తూ ఆయన ఎక్కిన ఎయిర్ ఇండియా విమానం కనిష్క, ఉగ్రవాదులు పెట్టిన బాంబు ప్రేలి ఐర్లండు తీరానికి సమీపాన అట్లాంటిక్ సముద్రంలో కూలిపోయింది. అందులోని 329 మందీ మరణించారు. నాయుడమ్మ వయస్సు అప్పటికి అరవై మూడేళ్ళు నిండలేదు.

ఆయన తరువాత తోలు పరిశ్రమ ఎదిగింది. ఆ ఎదుగుదలతో ఒక క్రొత్త దుఃఖం కూడా వచ్చింది. తోళ్ళ కర్మాగారాలు వదిలిన ఉప్పునీరు, క్రోమియం కలిసిన మురుగు తమిళనాట పాలారు నదీతీరపు భూములను, బావులను చెరిచాయి. 1996లో సర్వోన్నత న్యాయస్థానం ఈ విషయంలో చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చి, కాలుష్యం కలిగించినవారే నష్టపరిహారం చెల్లించాలని ఆదేశించింది. ఒకనాడు త్వరగా తోలు పదును చేసే విద్యను వ్యాపారులకు నేర్పిన అడయారు సంస్థే ఆ తరువాత తక్కువ నీటితో, తక్కువ క్రోమియంతో పనిచేసే విధానాలను, మురుగును శుద్ధిచేసే ఉపాయాలను రూపొందించి అదే వ్యాపారులకు నేర్పవలసి వచ్చింది.

తెనాలిలో నాయుడమ్మ స్మారకంగా నెలకొన్న పురస్కారాన్ని ప్రసిద్ధ శాస్త్రవేత్తలు అందుకొన్నారు. మంగళగిరి పరిసరాలలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంతో మొదలై నేడు పలు విశ్వవిద్యాలయాలు వెలిశాయి. అడయారులో ఏటా జనవరి మాసాంతంలో తోలు శాస్త్రజ్ఞులు, పరిశ్రమదారులు సమావేశమవుతూనే ఉన్నారు. తన తొట్టిలో ఏమి చెడిందో చెప్పుకోవడానికి ఆంబూరు వ్యాపారి ఇప్పటికీ అక్కడికి వస్తాడు.